కంప్యూటర్లో దొరికిన పేరు

రాజ్యం లేకపోయినా రాజసానికి లోటులేని మనిషి పెద్దసారు గజపతి. ఆఫీసులో ఏ కంప్యూటరైనా తన పేరు కొడితేనే తెరుచుకోవాలని ఆయన హుకుం.

ఒకరోజు, చెరిపేసినవి కూడా వెలికితీసే నిపుణుణ్ణి పిలిపించి కంప్యూటర్లన్నీ వెతికించాడు. గుమాస్తా సింహాద్రమ్మ కంప్యూటర్లో పేకాట బయటపడింది. ఆఫీసు పని మీద ఆవిడ బయటికెళితే ఆ సీట్లో ఎవరైనా కూర్చుంటారు.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!" అని గజపతి విరుచుకుపడ్డాడు.

సింహాద్రమ్మ నిపుణుణ్ణి అడిగింది. "బాబూ, ఆడినవాళ్ల పేరు అందులో ఉంటుందా?"

"ఉందమ్మా," అతను నీళ్లు నమిలాడు. "గజపతిగారనే ఉంది."

"మరి సారుని కూడా రావద్దంటారా?" అంది సింహాద్రమ్మ, గజపతి వైపు తిరిగి.

గజపతి ముఖం మాడిపోయింది. "రేపట్నుంచి ఎవరి పేరు వాళ్లు పెట్టుకోండి," అని గొణిగాడు.

"అలాగేనండీ. నా పేరు పెట్టుకోవాలంటే రేపు నేను రావాలి కదండీ!"