మంత్రిగారికి ఒక్క దెబ్బ

కొండమీది కోటలో రాజుగారు ఎవర్ని పిలవాలన్నా ఉన్నది ఒకటే గంట. ఎవరికి ఎన్ని దెబ్బలో తేల్చే పని గంట కొట్టే బుడ్డప్ప మీద పడింది. అక్షరం ముక్క రాకపోయినా ఎక్కడా తికమక లేకుండా తేల్చాడు. అందరూ చెవి ఒగ్గడానికి ముందు ఒక దెబ్బ. కాస్త ఆగి వైద్యుడికైతే రెండు, వంటవాడికి మూడు, మంత్రికి అయిదు, పశువులశాలకు తొమ్మిది.

మంత్రి నరహరయ్యకు ఒళ్ళు మండింది. "వంటవాడిలా నేనూ కూర్చుని దెబ్బలు లెక్కపెట్టుకోవాలా? నాకు ఆ మొదటి దెబ్బ ఒక్కటే చాలు. కాదంటే రేపట్నుంచి నీకు కోటలో పని లేదు."

"తమకే శ్రమ దొరా" అని చెప్పిచూశాడు బుడ్డప్ప. మంత్రి వినలేదు.

"అయితే తమ చిత్తం."

మర్నాడు ఒక దెబ్బ మోగింది. ఇంకా మోగుతాయేమోనని మంత్రి ఆగాడు. మోగలేదు. ఆలస్యంగా వెళ్ళి నిండు సభలో చీవాట్లు తిన్నాడు. ఇక అప్పట్నుంచి మొదటి దెబ్బ వినడమే తరువాయి, సభకు ఎక్కే ఎనభై మెట్లూ పరుగే. తీరా రొప్పుతూ వెళితే పిలుపు వంటవాడికో, పశువులశాలకో అయ్యేది. "నిన్నెవరు పిలిచారయ్యా?" అనేవారు రాజుగారు.

మూడోనాడు మంత్రి వాచిన కాళ్ళతో బుడ్డప్ప దగ్గరికి తనే వచ్చాడు.

"నా అయిదు ఈపాటికి ఎవరికో ఇచ్చేసే ఉంటావు. పశువులశాల తర్వాత ఏమన్నా ఖాళీ ఉందా నాయనా?"

"పది దెబ్బలు దొరా. లెక్కపెట్టుకోవాలి మరి."

"కూర్చునేగా లెక్కపెట్టేది," అన్నాడు మంత్రి. "ఇచ్చెయ్."