పచ్చికాయల ఊరిబిండి

ఇది చాలా చిన్న కథ. సంగటి ముద్ద చల్లారేలోపు అయిపోతుంది. కాకపోతే ముందు మా ఊరివాళ్ళ నాలుక గురించి ఒక మాట చెప్పాలి.

మా ఊళ్ళో ఎవరు వండినా సరే, వంక పెట్టకుండా ఎవరూ చెయ్యి కడగరు. కొండప్ప కూతురి పెళ్ళిలో సాంబారు పలచగా ఉందన్నారు. అన్నవాళ్ళే మూడుసార్లు పోయించుకున్నారు. గంగులప్ప దినాల్లో వడలు చిన్నవన్నారు, బతికుండగా కూడా ఆయన చెయ్యి అంతేనన్నారు. పాపమ్మ అత్త అయితే, ఇంకెవరూ దొరక్కపోతే తన వంటకే వంక పెట్టుకుంటుంది.

సరే, కథ రెడ్డెమ్మది.

రెడ్డెమ్మ మా ఊరి గుట్ట మీద మఠంలో ఉండే బసమ్మ అవ్వకు శిష్యురాలు. పదేళ్ళుగా ప్రతి సోమవారం మఠం ఊడ్చి, అవ్వ పక్కన కూర్చుని తత్వాలు పాడేది. ఆమె గొంతు గురించి మా ఊరివాళ్ళు ఏమన్నారో ఇప్పుడు వద్దు.

ఆమెకు ఒక్కతే కూతురు, చందన. పదిహేడేళ్ళది. వానలు మొదలవగానే పెరట్లో టమాటా నారు నాటింది. ఇంట్లో మనుషులు ముగ్గురు, మొక్కలు నలభై. ఎందుకే ఇన్ని అంటే, "టమాటాలకి ఊరంతా మనింటికే రావాలమ్మా" అంది.

మొక్కలు పూతకొచ్చాయి. చందనకు జ్వరం వచ్చింది. ఆరో రోజు పోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు. "పచ్చికాయ రాలిపాయ గదమ్మా!" మంచి మాటే. ఒకరంటే చాలు. డెబ్భైమంది అన్నారు.

రెడ్డెమ్మ గుట్టెక్కి అవ్వను అడిగింది. "పండకముందే ఎందుకు కోసుకున్నాడు అవ్వా?"

అవ్వ చెప్పకపోయినా చెప్పడానికి ఊరుంది. దిష్టి అన్నారు, పూర్వజన్మ అన్నారు, ఇంటి వాకిలి దిక్కు బాగాలేదన్నారు. రెడ్డెమ్మ మళ్ళీ గుట్టెక్కలేదు.

ఈలోగా నలభై మొక్కలూ విరగకాశాయి. కొమ్మలు నేలకు ఆనాయి. అన్నీ పచ్చివే. అప్పుడు ముసురు పట్టింది. తొమ్మిది రోజులు ఎండ లేదు. ఆకుల మీద నల్లమచ్చలు లేచాయి.

"కోసెయ్ మే, కుళ్ళిపోతాయి" అంది పాపమ్మ అత్త గోడమీంచి.

"పండనీ."

"ఈ వానకి యాడ పండుతాయి?"

"పచ్చికాయని నేను కొయ్యను. కోసుకున్నోడు కోసుకున్నాడు. పచ్చికాయ అన్నది నువ్వే గదత్తా?"

పాపమ్మ అత్త గోడ దిగింది. ఆ మాట తను ఒక్కతే అనలేదని నాలుగిళ్ళలో చెప్పుకుంది.

రెడ్డెమ్మ పాత చీరలు, గోనెపట్టలు తెచ్చి మొక్కల మీద పందిరిలా కట్టింది. పగలంతా దాని కిందే కూర్చునేది. రాలిన కాయల్ని కొంగులో వేసుకుపోయి బియ్యం డబ్బాలో దాచేది, మాగుతాయని. అవి మాగలేదు, కుళ్ళాయి. ఇంట్లో పొయ్యి వెలగడం మానేసింది. మొగుడు చిన్నప్ప వాళ్ళన్న ఇంట్లో తింటున్నాడు. ఆమె ఏం తింటోందో ఎవరికీ తెలియదు. మా ఊళ్ళో ఒకరి సంగతి ఎవరికీ తెలియకపోవడం అరుదు.

పదో రోజు అవ్వ గుట్ట దిగింది. ఎనభై ఏళ్ళ మనిషి, బురదలో కర్ర గుచ్చుకుంటూ వచ్చి పందిరి కింద దూరింది. ఎవరినీ అడక్కుండా ఒక కాయ తెంపింది.

"అవ్వా!" అని కేక పెట్టింది రెడ్డెమ్మ.

అవ్వ కాయను కొంగుకి తుడిచి కొరికింది. ఉన్న నాలుగు పళ్ళతో మెల్లగా నమిలింది. మిగిలిన సగం రెడ్డెమ్మ చేతిలో పెట్టింది.

"తిను."

గురువు ఎంగిలి. కాదనకూడదు. రెడ్డెమ్మ తింది.

"ఎట్లుంది?"

"పుల్లగుంది."

"పండు ఇట్లుంటుందా?"

"ఉండదు."

"మరి దీంట్లో ఏం తక్కువైంది?"

రెడ్డెమ్మ చేతిలో మిగిలిన తొడిమను చూసింది. తర్వాత ఏడ్చింది. చందన పోయిన రోజు ఆమె ఏడవలేదు. దాని మీద కూడా మా ఊళ్ళో చాలా అన్నారు.

ఏడుపు అయ్యేదాకా అవ్వ కదల్లేదు. అయ్యాక తన కొంగు చాపి పట్టింది. "కొయ్యి. ఆకలవుతోంది."

ఎనిమిది గంపలయ్యాయి.

రెడ్డెమ్మ పొయ్యి వెలిగించింది. కాయలు, పచ్చిమిరపకాయలు నూనెలో మగ్గించి, వేయించిన వేరుశెనగ గింజలు కలిపి, రోట్లో ఊరిబిండి నూరింది. ఉప్పు వేసింది. కాసేపు పెరటి వైపు చూసింది. ఉప్పు వేయలేదనుకుని మళ్ళీ వేసింది.

"ఊరంతా మనింటికే రావాలంది అవ్వా" అంది.

"పిలువు మరి."

పిలవకపోయినా వచ్చేవాళ్ళు, పిలిస్తే ఆగుతారా? అందరూ వచ్చారు. కొండప్ప చేతిలో గిన్నె మిగతావాళ్ళ గిన్నెలకంటే పెద్దది. అరుగు మీద, వాకిట్లో వరసగా కూర్చుని సంగటిలోకి నంజుకున్నారు. అవ్వ మారు వేయించుకుంది.

పాపమ్మ అత్త మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. రెడ్డెమ్మ గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"ఇంకొంచెం వెయ్యి మే" అంది పాపమ్మ అత్త.

ఆ ఊరిబిండిలో ఉప్పు రెండింతలు పడింది. మా ఊళ్ళో ఈ రోజు వరకు ఎవరూ ఆ మాట అనలేదు.