మూత తీసి ఇచ్చిన సీసా

అనకాపల్లిలో ఒకప్పుడు బెల్లం దిమ్మలు నిలవ చేసిన గోదాంలో దాలినాయుడు మాస్టారు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్పేవారు. కుస్తీ, గుద్దులు, తన్నులు అన్నీ కలిసిన పోటీ అది. చాపలు ఎన్నిసార్లు కడిగినా వాటి కింద చీమలు పోయేవి కావు. మాస్టారు పొద్దున్నే అందరి గోళ్ళూ చూసేవారు, తిన్నారో లేదో అడిగేవారు. ఆయనకు మరో అలవాటు ఉండేది. ఎవరు రౌండు ముగించినా దగ్గరికి పిలిచి, వీపు మీద అరచెయ్యి ఆనించి, గోడ గడియారం చూస్తూ అర నిమిషంలో ఎన్ని ఊపిర్లు తీశాడో లెక్కపెట్టేవారు. నల్లబల్ల మీద ప్రతి పేరుకూ ఎదురుగా మూడు గళ్ళుండేవి: పట్టు, బలం, దమ్ము. మొదటి రెండింటిలో లోపం కనిపిస్తే ఒక అడ్డగీత గీసేవారు. మూడో గడిలో ఊపిర్ల అంకె వేసేవారు. అంతకు మించి ఎవరి ఆట గురించీ ఎక్కువ మాట్లాడేవారు కాదు.

ఒక ఉదయం ఇంకా ఎవరూ రాకముందే శిష్యుడు కనకరాజు వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"మాస్టారూ, హైదరాబాదులో నా నీళ్ళలో ఏం కలిపారో ఎలా తెలుసుకోవాలి?"

ఆరు వారాల కిందట అతను హైదరాబాదు పోటీలో ఓడిపోయాడు. ఇక్కడ ఐదు రౌండ్లు ఆడి నవ్వుతూ దిగేవాడు, అక్కడ రెండో రౌండుకే రొప్పాడు. మూడో రౌండులో ప్రత్యర్థి తన మెడ బిగించగానే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. వచ్చాక ఆ వీడియో నలభైసార్లు చూశాడు. పట్టులో లోపం కనబడలేదు. మొదటి రౌండు నుంచే తన భుజాలు బిగుసుకుని పైకి లేచి ఉండటాన్ని లెక్కచెయ్యలేదు. బలం ఎదుటివాడికంటే తనకే ఎక్కువ. దమ్ము సంగతా, రోజూ తెల్లవారకముందే కశింకోట దాకా పరిగెత్తి వచ్చేవాడు. తనలో తప్పు లేనప్పుడు తప్పు బయటే ఉండాలి. ఆ రోజు అతని పక్కన కూర్చుని విరామంలో నీళ్ళందించింది తోటి శిష్యుడు ఎల్లాజీ. సీసా చేతికొచ్చేసరికి దాని మూత తీసి ఉంది. ముందురోజు ఆటగాళ్ళ బరువు తూచే చోట ఎల్లాజీ అవతలి జట్టువాళ్ళతో పకపకా నవ్వుతూ మాట్లాడటం కూడా కనకరాజు చూశాడు. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ వచ్చి మరొకదాని పక్కన కూర్చుంటోంది.

పోటీ సంచీలో అలాగే ఉండిపోయిన సగం సీసాను అతను పారెయ్యలేదు. మూత చుట్టూ టేపు వేసి, పాలిథిన్ సంచిలో చుట్టి దాచాడు. దాన్నే మాస్టారి చేతిలో పెట్టి, ఎల్లాజీ మీద తన అనుమానమంతా చెప్పాడు.

ఎల్లాజీ అతనికంటే ఏడాది పెద్ద. నాలుగేళ్ళుగా ఇద్దరూ రోజూ ఒకరి మీద ఒకరు సాధన చేసేవాళ్ళు. ఎల్లాజీకి ఇల్లు లేదు. గోదాం వెనక గదిలోనే ఉండేవాడు. పన్నెండు రోజుల్లో విశాఖలో కనకరాజుకు మరో పోటీ ఉంది. అక్కడా పక్కన కూర్చోవలసింది ఎల్లాజీయే.

మాస్టారు సీసాను కిటికీలో పెట్టారు.

"ఇవాళ వాడితో మూడు రౌండ్లు ఆడు. వాడు చేసిన మోసం ఏమిటో కనిపెట్టి నాకు చెప్పు. ఒక్కటి నిజమని తేలినా ఈ పూటే పంపించేస్తాను."

"వాడికి ముందే చెప్పకండి మాస్టారూ."

"నేనేమీ చెప్పను."

ఎల్లాజీ ఆవులిస్తూ వచ్చాడు. "ఏట్రా, పెళ్ళికొడుకులాగ ముందే వచ్చి కూసున్నావు?" అన్నాడు. కనకరాజు నవ్వలేదు.

రౌండు మొదలైంది. ఎప్పుడూ ఎదుటివాడి నడుము చూసి కదలిక పసిగట్టే కనకరాజు ఈసారి వేళ్ళు చూశాడు. బొటనవేలు కంటి వైపు వస్తోందా? మడమ కావాలనే తొక్కాడా? మెడ పట్టుకోబోతే చెయ్యి జారింది. నూనె రాసుకుని వచ్చాడా? ఎల్లాజీ గుద్దిన ప్రతిసారీ దాని వెనక ఇంకేదో వస్తుందని ఆగాడు. అతనికి తెలియకుండానే భుజాలు చెవుల దాకా లేచాయి. పళ్ళు బిగుసుకున్నాయి.

విరామంలో ఎల్లాజీ అలవాటుగా సీసా మూత తీసి అతని నోటి దగ్గర పెట్టాడు. కనకరాజు ముఖం తిప్పుకున్నాడు.

"నిన్నటి పులుసులో ఉప్పెక్కువైందని ఇంకా కోపమేనా?" అన్నాడు ఎల్లాజీ.

రెండో రౌండు సగం కాకముందే కనకరాజు నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాడు. ఆ తరువాతి విరామంలోనూ నీళ్ళు వద్దన్నాడు. మూడో రౌండులో ఎల్లాజీ అతి మామూలు పట్టు పట్టాడు. రోజూ నిద్రలో కూడా విడిపించుకునే పట్టది. ఇవాళ కాళ్ళు కదల్లేదు. మెడ బిగుసుకుంది. కనకరాజు తట్టాడు, రెండోసారి తట్టకముందే ఎల్లాజీ చేతులు వదిలేశాయి.

మాస్టారు పిలిచి వీపు మీద చెయ్యి ఆనించారు. మూడు రౌండ్ల తరువాత కనకరాజుకు ఎప్పుడూ పంతొమ్మిదో ఇరవయ్యో వచ్చేది. ఆయన గడియారం చూసి, నల్లబల్ల దగ్గరికి నడిచి, పట్టు గడీ బలం గడీ ఖాళీగా వదిలేసి, మూడో గడిలో ముప్ఫై ఒకటి వేశారు.

"ఏం మోసం చేశాడు?"

కనకరాజు గుక్క తిప్పుకుంటూ చెప్పాడు. వేలు, మడమ, మెడకు నూనె. ఎల్లాజీ వింటూ ఒకసారి అతని వైపు, ఒకసారి మాస్టారి వైపు చూశాడు. మాస్టారు ఎల్లాజీ మెడ తుడిచి ఆ వేళ్ళు కనకరాజు ముందు పెట్టారు. చెమట.

"మరి హైదరాబాదులో మూత ముందే ఎందుకు తీశాడు?" అని అరిచాడు కనకరాజు.

ఎల్లాజీకి అప్పుడు కిటికీలోని సీసా కనబడింది. దాని మూత చుట్టూ వేసిన టేపు కూడా కనబడింది.

"ఒక్క నిమిషం గడువులో నువ్వు మూత తీసుకుని ఎప్పుడు తాగుతావురా? నాలుగేళ్ళ నుంచీ నానే కదా తీసి ఇస్తన్నాను!" అన్నాడు. కాసేపు గ్లవ్స్ పట్టీలు ఊడదీసుకుని, తలెత్తకుండా, "సంచీ సర్దుకోమంటారా మాస్టారూ?" అని అడిగాడు.

మాస్టారు కనకరాజు వైపు చూశారు.

"వద్దు," అన్నాడు కనకరాజు. ఆ మాట అన్నాక కూడా అతని మనసు ఊరుకోలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. అడుగున నలకైనా లేదు.

"కానీ మాస్టారూ, ఆ రోజు రెండో రౌండుకే నాకు ఊపిరి అందలేదు. దానికి ఏదో ఒక కారణం ఉండాలి కదా!"

మాస్టారు వేళ్ళకంటిన సుద్ద దులుపుకున్నారు.

"ఉండాలి," అన్నారు. "ఇవాళ మాత్రం నువ్వు చుక్క నీళ్ళు తాగలేదు కదరా."