పెంటమ్మ పెట్టిన పచ్చికొమ్మ

ఊఁ కొట్టండర్రా. ఊఁ కొట్టకపోతే నేను చెప్పను. ఇది తలొంచుకుని చెప్పే కథ, ఒక్కదాన్నే మొయ్యలేను.

అనగనగా, మా ఘాటీ రోడ్డుకి ఇంకా తారు పడని రోజుల్లో, రోజుకి ఒక్క బస్సు, అదీ సాయంత్రం వచ్చే రోజుల్లో, పెంటమ్మ అని ఒక మనిషి ఉండేది. పేరుకి నవ్వకండి. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, దక్కిన పిల్లకి అలాంటి పేరే పెట్టేవారు. వానకి కోసుకుపోయిన రోడ్డు మీద రాళ్లు పరవడం ఆవిడ పని. వెనకా ముందూ ఎవరూ లేరు.

మా కొండ మీద ఒక కట్టుబాటు ఉండేది. రోడ్డు మీద ఏది పడినా సరే, ముందు పచ్చికొమ్మ విరిచి దాని మీద పెట్టినోళ్లదే. పెట్టినోళ్లు అక్కడే ఉండాలి, దాన్ని ఇంటికి చేర్చేదాకా. విడిచి కదిలేరా, హక్కు పోయినట్టే.

పెంటమ్మ మాత్రం ఏనాడూ కొమ్మ విరవలేదు. లారీ మీంచి పనసకాయ పడ్డాది, విరవలేదు. బస్సు మీంచి గొడుగు పడ్డాది, విరవలేదు. సంతకెళ్లే గంపలోంచి కోడిపెట్ట జారింది, విరవలేదు. దాని పక్కనే కూర్చుని, "పోగొట్టుకున్నోళ్లు వెనక్కొస్తార్లే" అనేది. "ఓసి పిచ్చిమొహమా!" అని అందరూ నవ్వేవారు.

ఒకరోజు పొద్దెక్కేక ఆకాశంలో గాలిమోటరు వినిపించింది. అప్పట్లో విమానాన్ని అలాగే అనేవారు. చిన్నది, ఒక్క మనిషి నడిపేది. దగ్గుతూ దగ్గుతూ కిందకొచ్చింది. బూరుగుచెట్టుకి రెక్క తగిలింది. మూడో మలుపు దగ్గర రోడ్డు మీద పడి, గీసుకుంటూ పోయి, కొండకి గుద్దుకుని ఆగింది.

ఓలమ్మో, అనుకుని జనం హడలిపోయేరు. కాసేపు చూసేరు. పేలలేదు, అంటుకోలేదు. అప్పుడు అందరూ ఒక్కసారే పరిగెత్తేరు. ఎక్కడికనుకున్నారు? విమానం దగ్గరికి కాదు. పొదల్లోకి! కొమ్మలు విరవడానికి!

ఎరకయ్య ఊడిపోయిన తలుపు మీద కొమ్మ పెట్టి, "తలుపు నాది" అన్నాడు. తవిటమ్మ బయటికి ఊడిపడ్డ కుర్చీ మీద పెట్టి, "మెత్త నాది" అన్నాది. చక్రం మీద పెట్టి, "చక్రం నాది" అన్నవాడు ముసలయ్య. ముసలయ్య అంటే ఎవరో కాదు, మా తాత. దాచడం దేనికి?

మిగతావాళ్లు రేకు నాదంటే రేకు నాదని జుట్లు పట్టుకున్నారు. ఆ గోలలో రాళ్లగంప దించి వచ్చింది పెంటమ్మ. ఆవిడ లోపలికి వంగి చూసింది. ముక్కూ మూతీ రక్తం, కాలు విరిగిపోయి, బక్కపల్చటి కుర్రమనిషి. ఊపిరాడుతోంది.

పెంటమ్మ పొదలోకి వెళ్లింది. పుట్టి బుద్ధెరిగేక మొదటిసారి కొమ్మ విరిచింది. తెచ్చి ఆ మనిషి గుండె మీద పెట్టింది.

"ఈ మనిషి నాది" అన్నాది.

అందరూ పకపకా నవ్వేరు.

కింద ఊళ్లో ఆసుపత్రి. నడిస్తే రెండు గంటలు. రక్తం చూస్తే ప్రాణం సాయంత్రం బస్సు దాకా ఆగేలా లేదు. పెంటమ్మ ఎరకయ్య దగ్గరికి వెళ్లింది. "అన్నా, ఆ తలుపియ్యి. మనిషిని పడుకోబెట్టి, చెరోవైపు పట్టుకుపోదాం."

"కొమ్మ పెట్టేనే. కదిలితే పోతాదే" అన్నాడు ఎరకయ్య.

తవిటమ్మ దగ్గరికి వెళ్లింది. "వదినా, నువ్వైనా ఓ చెయ్యి వెయ్యి."

"కొమ్మ పెట్టేనే. కదిలితే పోతాదే" అన్నాది తవిటమ్మ.

మా తాత దగ్గరికి వెళ్లింది. "బాబూ ముసలయ్యా, నీ భుజం ఇయ్యి. చచ్చిపోతాడు."

మా తాత చక్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు.

పెంటమ్మ ఇంకెవరినీ అడగలేదు. చంటిపిల్లని కట్టుకున్నట్టు పాత చీరతో ఆ మనిషిని వీపుకి కట్టుకుంది. ఒంగిపోయి నడిచింది. "నాయనా, నీకు కొమ్మ పెట్టేను. నువ్వు చస్తే నేనొప్పుకోను. మాటాడు, ఏదో ఒకటి మాటాడు" అంటూ దిగింది. ఆగుతూ, కూలబడుతూ, లేస్తూ, ఆసుపత్రి అరుగు మీద దించింది. మనిషి బతికేడు.

ఆవిడ నడుము మాత్రం మళ్లీ నిలబడలేదు. రాళ్లపని పోయింది. మా వాళ్లు ఎవరైనా అంబలికి ఓ గిద్దెడు చోళ్లు పెట్టేరా? లేదు. కొమ్మ పెట్టినదాన్ని తనే మోసుకుంది కదా, మనకేటి అన్నారు. మూడో వానాకాలంలో పోయింది. మోసుకుపోవడానికి ఏదీ లేకపోతే ఎరకయ్య ఆ తలుపు తెచ్చేడు. బతికున్న మనిషికి ఇవ్వని తలుపు. కాసిని నీళ్లియ్యండర్రా.

ఆవిడ పోయిన నెలకి, అన్నాళ్లకి కొండెక్కే సత్తువొచ్చి, చేతికర్రతో కుంటుకుంటూ ఒకాయన కొండెక్కి వచ్చేడు. జనం మూగేరు. పెద్దలు ముందుకొచ్చి, "మేమే బాబూ, మా ఊరే మిమ్మల్ని కాపాడింది" అన్నారు. నిజం, అన్నారు!

ఆయన కోప్పడలేదు. "ఆరోజు కళ్లు తెరవలేకపోయేను గానీ, చెవులు పనిచేసేయి" అన్నాడు. "తలుపు నాది అన్నారు, విన్నాను. మెత్త నాది అన్నారు, విన్నాను. చక్రం నాది అన్నారు, విన్నాను. ఈ మనిషి నాది అని ఒక గొంతు అన్నాది. ఆ గొంతు ఎవరిది?"

ఒక్కరూ తలెత్తలేదు. ఆఖరికి మా తాతే ముందు నడిచి, మట్టిదిబ్బ చూపించేడు.

ఆయన కర్ర పక్కన పెట్టేడు. చుట్టూ చూసి, పచ్చికొమ్మ ఒకటి విరిచేడు. దిబ్బ మీద పెట్టేడు.

"ఈ అమ్మ నాది" అన్నాడు.

చీకటిపడేదాకా అక్కడే కూర్చున్నాడు. కదిలితే హక్కు పోతుందని ఆయనకి ఎవరు చెప్పేరో మరి. మా వాళ్లు ఇళ్లకి పోలేక, అక్కడ ఉండలేక, చేతులు పిసుక్కుంటూ నిలబడ్డారు.

ఆ చక్రం మా పెరట్లో ఇంకా ఉంది. తాత బతికున్నన్నాళ్లూ దానికేసి చూడలేదు. మమ్మల్ని పారెయ్యనివ్వనూ లేదు.

అప్పట్నించీ మా ఘాటీలో సరుకు మీద కొమ్మ పెట్టేవాళ్లు లేరు. లారీ తిరగబడనీ, మోటారుసైకిలు జారనీ, ముందెళ్లినోళ్లు పచ్చికొమ్మ విరిచి, పడ్డ మనిషి గుండె మీద పెట్టి, "ఈ మనిషి నాది" అంటారు. అన్నాక మొయ్యాల్సిందే. మొన్న మా కోడలు అలాగే ఒకణ్ణి మోసింది, పేరైనా అడగలేదు.

కథ కొండ దిగిపోయింది. రేపు మీరూ దిగుతారు, మూడో మలుపు మీదుగానే. ఏమర్రా, కొమ్మ విరవడం వచ్చు కదా?