అలివేలు కణాలు

కణశాస్త్రం బోధించే తాయారు గారికి ఒక అలవాటుండేది. శిష్యులు అడిగినదానికి ఆమె నోటితో జవాబు చెప్పేవారు కాదు. "రా, చూద్దాం" అని మైక్రోస్కోప్ ఉన్న గదిలోకి తీసుకుపోయేవారు.

ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న నరహరికి అక్క అలివేలు పోయి రెండు నెలలైంది. తల్లి లేని అతన్ని పెంచి పెద్దచేసింది ఆ అక్కే. ఆమె పోయినప్పటి నుంచి అతనికి ముద్ద దిగడం లేదు. చొక్కా ఒంటిమీద వేలాడుతోంది. ఒక మధ్యాహ్నం గురువుగారి ముందు నిలబడి, మనసులో ఉన్నదంతా కక్కేశాడు.

"మాసికం నాడు బావ పప్పు మారు వడ్డించుకున్నాడు మేడం. పక్కింటాయన ఏదో అంటే నవ్వాడు కూడా. మా అక్క మీద నీకు ప్రేమే లేదని అందరి ముందూ అనేసి వచ్చేశాను. ఇక ఆ గడప తొక్కను. ఇద్దరికీ పోయింది ఒకే మనిషి కదా, ఆయనకి అన్నం ఎలా సయిస్తోంది?"

తాయారు గారు లేచి, కణాలను వెచ్చగా ఉంచే పెట్టెలోంచి రెండు గాజు గిన్నెలు తెచ్చి అతని ముందు పెట్టారు.

"ఇవి మీ అక్కవి," అన్నారు.

నరహరికి తెలుసు. అక్క బతికుండగా జరిగిన ఆపరేషన్‌లో తీసిన చర్మపు ముక్కను పరిశోధనకు వాడుకోమని అలివేలే ఇష్టపడి ఇచ్చింది. దాంట్లోని కణాలు ఇంకా బతికే ఉన్నాయనీ తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ ఆ పెట్టె తలుపు తీయలేదు. ఇప్పుడు గిన్నె ముట్టుకుంటే మనిషి ఒంటి వేడి తగిలింది. చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

రెండింట్లోనూ ఒకే కొలతలో, మోతాదు మించి కొవ్వు ఆమ్లం పొయ్యమన్నారు ఆమె. అంత మోతాదు కణానికి విషం. అతను పోశాడు. రెండో గిన్నెలో ఆమె ఇంకో మందు చుక్క కలిపారు. ఆ మందు పడితే, వచ్చిన కొవ్వును బొట్టుగా చుట్టి, తనకు విషం తగలకుండా దాచుకోవడం కణానికి చేతకాదు.

మర్నాడు ఇద్దరూ కిటికీలు మూసిన గదిలో కూర్చున్నారు. బయట ఎండ మండుతోంది, లోపల కటిక చీకటి. మొదటి గిన్నెలో అలివేలు కణాలు పొడుగ్గా, వేళ్ళలా పరుచుకుని ఉన్నాయి. గురువుగారు వేసిన రంగు పట్టిన కొవ్వు బొట్లు వాటి నిండా పచ్చగా మెరుస్తున్నాయి. లోపలి పొర మడతల్లో ఊరి, ఉబ్బి, ఒక్కొక్కటే విడివడుతున్నాయి. మనిషి పోయిందన్న కబురు వాటికి అందనే లేదు. చూస్తుండగానే ఒక కణం అతని వైపు మెల్లగా సాగింది.

రెండో గిన్నెలో ఒక్క బొట్టూ లేదు. కణాలు ముడుచుకుపోయి, అడుగు వదిలేసి, పీలికలై తేలుతున్నాయి. అక్క మళ్ళీ పోయినట్టు అతని గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది.

"మొదటిదాన్ని పస్తుంచు," అన్నారు తాయారు గారు.

అతను పోషక ద్రవం తీసేసి వట్టి ఉప్పునీరు పోశాడు. సాయంత్రానికి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు బొట్ల చుట్టూ మూగాయి. పచ్చటి వెలుగులు ఒక్కొక్కటే చిన్నవవుతూ వచ్చాయి. తనను చంపగలిగినదాన్నే దాచుకుని, కణం కొంచెం కొంచెంగా తింటోంది. ఆ చీకట్లో, చప్పుడు లేకుండా, అక్క అన్నం తింటున్నట్టే ఉంది.

నరహరి మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తాడు.

"బావ ఈపాటికి ఇంట్లో ఒక్కడే ఉంటాడు," అన్నాడు చివరికి.

తాయారు గారు మైక్రోస్కోప్ దీపం ఆర్పేశారు.

"రెండు గిన్నెల్లోనూ సమంగానే పోశావు కదా, నాయనా?"