మిరపక్క అడిగిన రెండు చెంబులు

ఒకప్పుడు మిరపకాయ తియ్యగా ఉండేది. నమ్మకపోతే మీ ఇష్టం. పిల్లలు దాన్ని జామకాయలాగా కొరుక్కు తినేవాళ్లు. పళ్లూడిన ముసలమ్మలు బుగ్గన పెట్టుకుని చప్పరించేవాళ్లు. కూరలో కారం కావాలంటే మిరియాలే దిక్కు.

ఆ రోజుల్లో తాటిచెట్టుకి కూడా మనుషులు కడవలతో నీళ్లు పోసేవాళ్లు. తాటిముంజలో మాత్రం ఇప్పటిలాగా నీళ్లుండేవి కావు. కొరికితే ఉత్త గుజ్జు.

అప్పుడు సముద్రానికి దగ్గరగా, ఇసక నేలలో, నాంచారమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడకి ఒక దొరువు ఉంది. దొరువంటే ఇసకలో తవ్విన నీళ్లగుంట. ఏటవాలుగా లోపలికి దిగి, కడవ ముంచుకుని, మళ్లీ ఇసకలో కాళ్లీడ్చుకుంటూ పైకెక్కాలి.

నాంచారమ్మకి ఊళ్లో గొప్ప పేరు. ఎవరింట్లో పెళ్లయినా వడ్డనకి ఆవిణ్ణే పిలిచేవాళ్లు. ఎందుకంటే ఆవిడ గరిటెకి తేడా తెలియదు. పొద్దున్నుంచీ అరక దున్నిన మనిషికి రెండు గరిటెలు. అప్పుడే అన్నం అలవాటవుతున్న బుడ్డోడికీ రెండు గరిటెలు. బుడ్డోడి ఆకులో అన్నం కుక్కలపాలయ్యేది. దున్నినవాడు ఖాళీ ఆకు ముందు వేళ్లు నాక్కుంటూ కూర్చునేవాడు. అయినా ఊరంతా "నాంచారమ్మ చెయ్యి ధర్మం" అని మెచ్చుకునేది. ఆకలితో లేచినవాణ్ణి ఒక్కళ్లూ అడగలేదు. వినేవాళ్లకి ఒళ్లు మండదూ మరి?

భాద్రపద మాసంలో ఒక పొద్దున నాంచారమ్మ దొరువు పక్కన ఒక మిరప గింజనీ, ఒక తాటి టెంకనీ పక్కపక్కనే పెట్టింది. పది రోజులకి మిరప రెండాకులు వేసి పైకొచ్చింది. తాటి టెంక నెల దాటినా కనిపించలేదు. అది మొలకెత్తకపోలేదు. ముందు కిందికి మొలిచింది, అంతే. అందుకని మిరప తనని తాను అక్క అనుకుంది, తాటిని తమ్ముడు అనుకుంది.

రోజూ సాయంత్రం నాంచారమ్మ కావిడి వేసుకుని రెండు కడవలు తెచ్చేది. ఒకటి మిరపక్కకి, ఒకటి తాటితమ్ముడికి.

"అమ్మా, నాకు కడవెడు వద్దు," అంది మిరపక్క మొదటి రోజే. "నా వేళ్లు జానెడు లోతున ఉన్నాయి. ఇన్ని నీళ్లలో నానితే కుళ్లిపోతాయి. రోజుకి రెండు చెంబులు పొయ్యి. వానలప్పుడైనా ఎండలప్పుడైనా అంతే."

"నీకు రెండు చెంబులు పోసి వాడికి కడవ పోస్తే ఊరేమనుకుంటదే?" అంది నాంచారమ్మ. "ఇద్దరూ నా బిడ్డలే. ఒకళ్లకి ఎక్కువా లేదు, ఒకళ్లకి తక్కువా లేదు." అని కడవ మొత్తం ఒంపేసింది.

మిరపక్క ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. పాదులో గడ్డి లేచింది. ఆ గడ్డి తియ్యమని అడిగితే నాంచారమ్మ పార తెచ్చి శుభ్రంగా తీసింది. తీసి ఊరుకుందా? తాటి పాదులో గడ్డిపోచ లేకపోయినా అక్కడా అన్ని పోట్లే పొడిచింది. పార అంచు తగిలి తాటి మొలక తొక్క లేచిపోయింది. మట్టి కింద అది అరిచిన అరుపు పైకి వినపడలేదు.

అయినా మిరపక్క గట్టిపిండం. చలికాలంలో తేరుకుంది, పూత పూసింది, పన్నెండు కాయలు కాసింది. ఒక్కో కాయలోనూ గింజలు. ఆ గింజలు ముదిరి నేల మీద పడేదాకా తను బతికుండాలి. మిరపక్కకి ఉన్న కోరిక అదొక్కటే.

ఎండలు ముదిరాయి. దొరువులో నీళ్లు రోజురోజుకీ లోపలికి పోయాయి. రోహిణీ కార్తె వచ్చేసరికి అడుగున ఊరేవి రోజుకి రెండంటే రెండు చెంబులు.

మిరపక్క మనసు కుదుటపడింది. తను మొదటినుంచీ అడుగుతున్నది రెండు చెంబులే కదా.

నాంచారమ్మ రెండు చెంబులూ మోసుకొచ్చింది. ఒక చెంబు మిరపక్కకి పోసింది. రెండో చెంబు తాటితమ్ముడికి పోసింది.

మిరపక్కకి కోపం నషాళానికి అంటింది. అయినా తమాయించుకుని, పక్కనే బొరియలో ఉండే ఎండ్రకాయని పిలిచింది. "మావా, నువ్వు కిందికి తవ్వుకుంటూ పోగలవు. మా తమ్ముడికి ఆ చెంబు నిజంగా కావాలో ఏమో కనుక్కుని రా."

ఎండ్రకాయ సర్రున కిందికి పోయి, కాసేపటికి ఒళ్లంతా తడితడిగా పైకొచ్చింది.

"నాంచారమ్మా," అంది పక్కకి నడుస్తూ. "నీ తాటిబిడ్డ వేరు ఊట దాకా దిగింది. కింద వాడు నీళ్లల్లో కాళ్లు పెట్టుకుని కూచున్నాడు. నువ్వు పోసేది వాడు తాగటంల్యా. ఆ చెంబు అక్కకే పొయ్యమన్నాడు."

"వాడు మొగమాటానికి అన్నాడులే," అంది నాంచారమ్మ. "వద్దన్నోడికి మానేస్తే నేను తల్లినెట్టా అవుతా?"

దడి అవతలనుంచి సామ్రాజ్యం తొంగిచూసింది. ఆవిడ పక్కింటావిడ. "నీకు మల్లే చూసేవాళ్లు ఎవురుంటారు వదినా," అంది. "చుక్క తేడా రానియ్యవు గదా."

నాంచారమ్మ మొహం వెలిగిపోయింది. ఆ మెచ్చుకోలు ముందు మిరపక్క వాడిపోవడం ఆవిడ కళ్లకి ఆనలేదు.

ఇక మిరపక్క ఊరుకోలేకపోయింది.

"అమ్మా, వానల్లో వద్దు వద్దంటుంటే కడవ పోశావు. ఇప్పుడు కావాలి కావాలంటుంటే చెంబు పోస్తున్నావు. వాడికి అక్కర్లేకపోయినా పోస్తున్నావు. నీకు కావాల్సింది మా ఇద్దరి ప్రాణమా, సామ్రాజ్యం పిన్ని చేత మంచి అనిపించుకోవడమా? సమానం, సమానం అంటావు. ఏం కావాలని ఒక్కరోజైనా అడిగావా? నేను అడిగితేనైనా విన్నావా?"

"చూశావా వదినా," అంది నాంచారమ్మ. "తమ్ముడి నోటికాడిది లాక్కోవాలని చూస్తంది."

ఆ మాటకి మిరపక్కకి ఏడుపొచ్చింది. ఏడుద్దామన్నా ఒంట్లో తడి లేదు. కన్నీళ్లుగా పోవాల్సిన కోపమంతా కొమ్మల్లోకి పాకింది. కొమ్మల్లోంచి కాయల్లోకి దిగింది. కాయల్లో గింజల మధ్యకి పోయి, అక్కడ గడ్డకట్టుకుపోయింది.

"నా పిల్లలు నాలాగా ఎవరినీ బతిమాలరు," అనుకుంది.

ఏడో రోజు సాయంత్రం, తన కళ్లముందే రెండో చెంబు తాటి పాదులో ఇంకుతుండగా, మిరపక్క చచ్చిపోయింది. మోటబావి అడిగిందా? చెరువు అడిగిందా? రెండు చెంబులు. అవీ ఎదురుగానే ఉన్నాయి.

నాంచారమ్మ నిజంగానే ఏడ్చింది. ఆవిడ చెడ్డది కాదు, అదే వచ్చిన చిక్కు. మర్నాడు కళ్లు తుడుచుకుని ఎండిన కాయలు పన్నెండూ కోసింది. బిడ్డ గుర్తుగా ఒకటి తిందామనుకుంది. దాన్ని సగానికి తుంచి, తనొక ముక్క, సామ్రాజ్యానికొక ముక్క ఇచ్చింది. సమానంగానే.

కొరికారు. ఇద్దరి నోళ్లూ భగ్గుమన్నాయి.

సామ్రాజ్యం నాలుక బయటపెట్టి ఇంట్లోకి పరుగెత్తింది. దొరువులో ఆ రోజు ఊరిన రెండు చెంబుల నీళ్లూ నాంచారమ్మ అప్పుడే తోడి గట్టున పెట్టుకుని ఉంది. ఒకటెత్తి గటగటా తాగింది. మంట తగ్గలేదు. రెండోది కూడా తాగేసింది. మంట నాలుక నుంచి చెవుల దాకా పాకింది.

ఎండ్రకాయ బొరియలోంచి కళ్లు పైకెత్తి చూసింది. "రెండు చెంబులూ తాగావు గదా నాంచారమ్మా," అంది. "చాలలేదా?"

నాంచారమ్మ ఆ ఇసకలోనే కూలబడింది. మంట ఆరేదాకా కూర్చుంది. తర్వాత లేచి తాటి మొలక దగ్గరికి పోయి, ఏ బిడ్డనీ ఎప్పుడూ అడగని మాట అడిగింది. "నీకేం కావాలి నాయనా?"

తాటితమ్ముడు కిందనుంచి పలికాడు. మధ్యలో ఎండ్రకాయ ఆ మాటలు పైకి చేరవేసింది. "నాకు నీళ్లొద్దు, పారా వద్దు. మొలిచానా లేదా అని తవ్వి చూడొద్దు. నన్ను నా మానాన వదిలెయ్యి. ఇంకో మాట. అక్కకి దక్కాల్సిన నీళ్లు నేను తాగలేదు. దాచి ఉంచాను."

వానలు పడగానే నాంచారమ్మ మిరప గింజలన్నీ నారు పోసింది. ఒక్కో మొక్కనీ అడిగి అడిగి నీళ్లు పోసింది. పెళ్లిళ్లలో కూడా ఆకు ముందు ఆగి, "నీకెంత కావాలయ్యా?" అని అడిగి వడ్డించడం మొదలుపెట్టింది. దున్నినవాడు మొదటిసారి కడుపు నిండి లేచాడు. ఊళ్లో కొందరు "నాంచారమ్మకి తరతమాలు వచ్చాయి" అని చెవులు కొరుక్కున్నారు. ఆవిడ పట్టించుకోలేదు.

మొక్కలు ఏపుగా పెరిగాయి, విరగకాశాయి. కాయలు మాత్రం కారమే.

తాటితమ్ముడు తీరిగ్గా పెరిగాడు. నాంచారమ్మ జుట్టు మొత్తం నెరిసిన ఏడాది, రోహిణీ కార్తెలో, మొదటి గెల వేశాడు. కాయ చెక్కి ముంజ తీస్తే, దాని కడుపులో చల్లటి నీళ్లు. నాంచారమ్మకి ఆ నీళ్లు ఎక్కడివో తెలుసు. నోట్లో పెట్టుకోలేదు. పట్టుకెళ్లి, అక్క పెరిగిన పాదులోనే ఉన్న మిరపమొక్క మొదట్లో పిండింది.

మొక్క ఆ నీళ్లు తాగింది. మర్నాడు నాంచారమ్మ దాని కాయ ఒకటి కోసి, ఆశగా కొరికింది.

కారమే. అదే మంట.

అప్పటినుంచే తాటిచెట్టుకి ఎవరూ నీళ్లు పొయ్యరు. అయినా అది మండుటెండల్లో ముంజల నిండా నీళ్లు పట్టుకుని, ఎవరొస్తారా అని చూస్తూ నిలబడుతుంది. అప్పటినుంచే మిరపకాయ కారం. అది కొరికి నోరు మండినవాళ్లు చెంబులకి చెంబులు నీళ్లు తాగుతారు. తాగినా ఆ మంట ఆరదు. నీళ్లు పొయ్యాల్సిన రోజున పొయ్యలేదు మరి.