నిద్రకు అరగంట ముందు

బొబ్బిలిలో మా వీధి మొత్తానికి తెలివైన ఇల్లు మాదే. ఈ మాట మేమే చెప్పుకుంటాం. అది కనిపెట్టేంత తెలివి వీధిలో ఇంకెవరికీ లేదు మరి. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చెయ్యడం మా గొప్ప. ఆరేళ్ళ కిందట మా గేటుకి రంగు వేసిన మనిషి "తడిగా ఉంది, ముట్టుకోవద్దు" అని అట్ట తగిలించి వెళ్ళాడు. అంతే, ఆరేళ్ళుగా మేం గోడ దూకుతున్నాం. అట్ట తీసేయొచ్చు గదా అంటారు. అట్ట ఉన్నది గేటుకి! ముట్టుకోకుండా ఎలా తీస్తాం?

ఇంట్లో నలుగురం. మా అత్త పైడమ్మ, నా మొగుడు సన్నిబాబు, మరిది అప్పలసూరి, నేను ఈశ్వరిని. అత్తకి మోకాళ్ళ నొప్పులు. గోడ దూకలేదు గనక ఆరేళ్ళుగా ఇల్లు కదల్లేదు.

నేను బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. నాలుగింటికి లేచి ఒకరికి ఇడ్లీ, ఒకరికి చపాతీ, అత్తకి రాగిజావ చేసి అప్పుడు మిషను ముందు కూర్చుంటాను. ముగ్గురూ ఎవరికేం కావాలో విడివిడిగా చెప్పారు గదా, విడివిడిగానే చెయ్యాలి. నాకేం కావాలో నేను చెప్పలేదు. అంచేత నాకేమీ చెయ్యలేదు.

రెండు నెలలుగా నాకు నిద్ర పట్టడం లేదు. ఊరికే ఏడుపొస్తోంది. ఆ తూగులో అరవై చొక్కాల్లో పదకొండింటికి జేబు వీపు మీద కుట్టేశాను. బడికి పట్టుకెళ్తే హెడ్మాస్టరమ్మ చూసి కళ్ళెర్రజేసింది.

"సోమవారం పొద్దున్నకి అరవై చొక్కాలూ ఒకేలా ఉండాలి ఈశ్వరీ. ఒక్కటి వేరుగా కనబడినా మా బడి గుడ్డ ఇంక నీ గుమ్మం తొక్కదు."

ఆ గుడ్డ రాకపోతే మా పొయ్యి వెలగదు. ఇంకేముంది, నేనూ అన్నదమ్ములిద్దరూ గోడ దూకి మందుల షాపుకి పరిగెత్తాం.

"చీటీ అక్కర్లేదు, ఇది సప్లిమెంటు. మెగ్నీషియం," అన్నాడు షాపాయన.

"వేసుకుంటే నిద్రొస్తుందా బాబూ? మనసు బాగుంటుందా?" అన్నాను.

"కొందరికి బాగుంటుందమ్మా, కొందరికి ఏ తేడా ఉండదు. వేరే మందులు వాడుతుంటే డాక్టర్ని అడుగు. అన్నిటికంటే ముందు టీలు తగ్గించి, పని తగ్గించుకో."

"పని ఎలా తగ్గుతుంది?" అని సన్నిబాబు బుర్ర గోక్కున్నాడు. "ఆఁ, తెలిసింది! చొక్కాకో గుండీ తక్కువ కుట్టు."

మొగుడంటే అలా ఉండాలి. నాకు తట్టనే లేదు.

ఇంటికొచ్చి డబ్బా మీదున్నది సూరి చదివాడు. "పిల్లలకు అందకుండా ఉంచాలట."

మా ఇంట్లో పిల్లల్లేరు అనబోయాను. అత్త గయ్యిమంది. "లేకపోవడమేటే? వీళ్ళిద్దరూ ఎవరి పిల్లలు? నా పిల్లలు కారా?"

నిజమే గదా! అన్నదమ్ములిద్దరూ చేతులు వెనక్కి లాక్కున్నారు. అంతే, నేను నిచ్చెనేసుకుని మేడెక్కి నీళ్ళ ట్యాంకు మూత మీద డబ్బా పెట్టాను.

కింది నుంచి సూరి అరిచాడు. "వదినా, పొడి చోట ఉంచాలని కూడా ఉంది!"

ట్యాంకు నిండా నీళ్ళు. ఇంకేముంది, మొత్తం వదిలేశాం. ఆ రోజునుంచి వీధి చివర బోరింగు కొట్టి, బిందె నెత్తిన పెట్టుకుని నేను గోడ దూకడం మొదలైంది.

డబ్బా మీద మూడో మాట అసలైంది. 'నిద్రకు అరగంట ముందు ఒకటి.'

"నీకు నిద్ర ఎప్పుడొస్తుంది?" అన్నాడు సన్నిబాబు.

"రాదు గదండీ."

"రాని నిద్రకి అరగంట ముందంటే ఎప్పుడు?"

నలుగురం ఆలోచించాం. తేలలేదు. వాళ్ళ ముగ్గురికీ మాత్రం పదింటికల్లా నిద్ర ఖాయం. అందుకని తొమ్మిదిన్నరకి నేను నిచ్చెనెక్కి మూడు బిళ్ళలు తెచ్చి ముగ్గురికీ ఇచ్చాను. పదింటికి ముగ్గురూ గుర్రుపెట్టారు.

పొద్దున్న సూరి ఎగిరి గంతేశాడు. "పనిచేసింది వదినా! కొందరికి పనిచేస్తుంది అన్నాడు, ముగ్గురికి చేసింది!"

"కొందరికి చెయ్యదన్నాడు గదా, అది నువ్వు," అంది అత్త.

షాపాయన ఎంత నిజాయితీపరుడో అని నాకు కళ్ళు చెమర్చాయి.

ఆదివారం మధ్యాహ్నం పక్క మేడ మీద పిల్లలు ఆడుకుంటున్నారు. వాళ్ళకి అందకుండా డబ్బాకి కాపలా కాయడానికి అన్నదమ్ములు మేడెక్కారు. చూడొచ్చు గానీ ముట్టుకోకూడదని అత్త ఒట్టు వేయించుకుని నిచ్చెన కింద కూర్చుంది. ఇంట్లో చిత్రమైన నిశ్శబ్దం. టీ అన్నవాళ్ళు లేరు, తువ్వాలు ఏదన్నవాళ్ళు లేరు. మిషను మీద తల వాల్చానంతే, నిద్ర పట్టేసింది.

తర్వాత సంగతి సూరి చెప్పాడు. కాసేపటికి టీ కోసం అత్త లోపలికొచ్చిందట. "ఒరే, ఇది నిద్రపోయిందర్రా!"

ఇద్దరూ దిగొచ్చారు. సూరి గడియారం చూశాడు. "మూడైంది. అంటే రెండున్నరకి బిళ్ళ వేసుకోవాలి. వేసుకుందా?"

"లేదు," అంది అత్త.

"వేసుకోకుండా ఎలా నిద్రపోయింది? ఇది తప్పు నిద్ర!"

"రెండున్నర దాటిపోయింది గదరా, ఇప్పుడేటి దారి?" అని సన్నిబాబు నెత్తి కొట్టుకున్నాడు.

"దాటిపోతే వెనక్కి తెండి," అంది అత్త.

అంతే, సన్నిబాబు స్టూలెక్కి ముల్లు అరగంట వెనక్కి తిప్పి, నా భుజం పట్టి కుదిపాడు. "లే ఈశ్వరీ, లే! రెండున్నరైంది. బిళ్ళ వేసుకో, అరగంటలో నీకు నిద్రొస్తుంది!"

గడియారం చూశాను. నిజంగానే రెండున్నర. నా మీద ఇంత శ్రద్ధా అని మురిసిపోయి, నిచ్చెనెక్కి బిళ్ళ మింగి, మూడయ్యేదాకా కళ్ళు పత్తికాయల్లా చేసుకుని కూర్చున్నాను. మూడైంది, నాలుగైంది. వచ్చిన నిద్ర పోయింది. పోయింది మళ్ళీ రాలేదు. ముగ్గురికీ టీ పెట్టి మిషను ముందు కూర్చున్నాను.

సోమవారం హెడ్మాస్టరమ్మ మా గేటు తోసుకుని లోపలికి నడిచొచ్చేసింది. మేం కెవ్వుమన్నాం. ఆవిడ చేతికి రంగు అంటలేదు. చదువుకున్నవాళ్ళకి ఏవో కిటుకులుంటాయి.

చొక్కాలు ఒక్కొక్కటే తీసి చూసింది. అరవైకి అరవై, జేబు వీపు మీదే. నలభై తొమ్మిది విప్పి కుట్టేసరికి నాకు తెల్లారింది.

"ఏమిటమ్మా ఇది?" అంది ఆవిడ.

"ఒక్కటి కూడా వేరుగా లేదు మేడమ్, చూసుకోండి," అన్నాను గర్వంగా.

ఆవిడ బట్టల మూట మీద కూలబడి రెండు చేతుల్తో తల పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పాపం, ఈవిడకీ నిద్ర లేనట్టుంది," అన్నాడు సన్నిబాబు జాలిగా. "ఈశ్వరీ, ఎక్కి ఒక బిళ్ళ పట్రా."

నేను నిచ్చెనెక్కాను.